రాణిగారి తాబేలు, ముగ్గురు నిపుణులు

ఒక పెద్ద అడవిలో ఉగ్రప్ప దొర అనే సింహం రాజ్యం చేస్తుండేవాడు. పెద్దదంటే మాటవరసకు పెద్దది కాదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే, ఆ చివరి వాళ్ళు విని "చిరంజీవ" అనేలోపు తుమ్మినవాడికి మనవలు పుట్టేసేవాళ్ళు. ఉగ్రప్ప దొర కూడా తక్కువవాడేం కాదు. ఆయన ఆవులించి గాలి లోపలికి పీలిస్తే, కొండమీద మేస్తున్న మేకలు కొట్టుకొచ్చి నోటి ముందు నిలబడేవి.

ఆయన భార్య కేసరమ్మ మహారాణి. ఆవిడ ఒకరోజు అడవి అంచున పొదలో పడుకుని రోడ్డు మీద పోయే జీపుని చూసింది. జీపులో ఒక లావుపాటి ఆవిడ, ఆవిడ ఒళ్ళో బొచ్చుకుక్కపిల్ల. బిస్కెట్టు తుంచి నోట్లో పెడుతోంది, మూతి తుడుస్తోంది, "నా బంగారు తండ్రీ" అని ముద్దులు పెడుతోంది.

అంతే, మహారాణి ఇంటికొచ్చి అన్నం మానేసింది. అన్నమంటే జింక లెండి.

"నాకూ పెంపుడు ప్రాణి కావాలి," అంది.

"ఇంత అడవి మనదేగా. ఎవరిని కావాలంటే వాళ్ళని పెంచుకో," అన్నాడు దొర.

కుందేలుని తెచ్చారు. పొద్దున ముద్దు చేసింది, మధ్యాహ్నానికి ఆకలేసింది. నెమలిని తెచ్చారు. అది కాస్త నయం, ఈకలైనా మిగిలాయి. దుప్పిపిల్లని తెచ్చినప్పుడు మహారాణి చాలా నిగ్రహంగా ఉంది. పొద్దుగూకేదాకా ఆగింది. తర్వాత మూతి నాక్కుంటూ, "ఎంత ముద్దొచ్చేదో పాపం," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కన్నీళ్ళకి వాగు పొంగి కింద రెండు ఊళ్ళలో వరి మునిగింది.

అప్పుడు దిగాడు కొండముచ్చు లాంగూలం. దర్బారులో ఏ పదవి ఖాళీ అయినా ముందు ఆయన తోక అక్కడ కనపడేది, ఆయన తర్వాత వచ్చేవాడు.

"అమ్మగారూ, ఘాటురోడ్డు మలుపులో మనుషుల లారీ మీంచి ఒక గోతాం జారిపడింది. విప్పి చూస్తే ఇది. తమరి పాదాల దగ్గర పెట్టుకుంటున్నాను," అంటూ చేతిలోది కింద పెట్టాడు.

బోర్లించిన చట్టి అంత ఉంది. నల్లటి డిప్ప. డిప్ప నిండా పసుప్పచ్చ గీతలు, ఒక్కో బొడిపె మీద ఒక్కో నక్షత్రం ముగ్గేసినట్టు. మహారాణికి ముద్దొచ్చింది. ముద్దొస్తే ఆవిడ ఏం చేస్తుందో తెలుసుగా, గబుక్కున కొరికింది.

టక్!

అడవి అంతా వినపడింది. వడ్రంగిపిట్టలు పని ఆపి, ఎవరబ్బా కొత్తగా చేరింది అని చూశాయి. మహారాణి కోరపన్ను కదిలింది. డిప్ప మీద గీత కూడా పడలేదు.

డిప్పలోంచి ముడతల మెడ ఒకటి మెల్లగా బయటికి వచ్చింది. "అమ్మా తల్లీ, పన్ను జాగ్రత్త. ఈ వయసులో ఊడితే మళ్ళీ రాదు," అంది.

మహారాణి కళ్ళు మెరిశాయి. "ఏమండీ! ఇది రేపటికి కూడా ఉంటుందండీ! నాకు ఇదే కావాలి!"

ఆ తాబేలు పేరు చుక్కమ్మ. అలా చుక్కమ్మ రాణిగారి పెంపుడు ప్రాణి అయింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. పెంపుడు ప్రాణికి ఏం పెట్టాలి? ఎక్కడ పడుకోబెట్టాలి? అసలిది ఏ రకం ప్రాణి?

"అదెంత పని దొరా," అంది చుక్కమ్మ. "నేను మెట్టతాబేలుని. నాకు..."

దర్బారంతా చెవులు మూసుకుంది. ఏనుగు చెవులు మూసుకున్న గాలికి ముందు వరసలో కూర్చున్న ఉడతలు ఎగిరిపోయాయి.

"ఇష్షిష్! ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే మా అడవిలో చెల్లదు," అన్నాడు ఉగ్రప్ప దొర గంభీరంగా. "మా తాతగారు పెట్టిన చట్టం. పూర్వం ఒక ముంగిస వచ్చి 'నేను ఏనుగుని' అని చెప్పుకుని, బతికినన్నాళ్ళూ ఏనుగు వాటా చెరుకు తింది. అప్పట్నించీ ఎవరు ఎవరో వేరేవాళ్ళే చెప్పాలి. అదీ పరువున్నవాళ్ళు."

"నా కడుపుకేం కావాలో నాకు తెలియదా బాబూ?"

"తెలియొచ్చు. చెల్లదు," అన్నాడు దొర.

వెంటనే రాణిగారి పెంపుడు ప్రాణి గుర్తింపు, సంరక్షణ మండలి ఏర్పాటైంది. అందులో ముగ్గురు నిపుణులు. తెచ్చిన పుణ్యానికి కొండముచ్చు లాంగూలం. దర్బారులో ఎవరు మాట్లాడినా తల ఊపే ఎలుగుబంటి బొచ్చప్ప. ఇక మూడోవాడు చెరువు శాఖ కొంగ, ఏకపాదం గారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంటే మహాజ్ఞాని అనుకునేవాళ్ళు. అప్పుడప్పుడూ గురక వినపడేది గానీ, అది మంత్రమనుకునేవాళ్ళు.

ప్రాణి ఏ రకమో తేల్చినవాడికే దాని పోషణ అప్పగిస్తామనీ, దానికి కావలసిన తిండి ఎంతైనా సరే దర్బారు నుంచి పంపిస్తామనీ దొర చాటింపు వేయించాడు. ఆ మాట వినగానే ముగ్గురి మెదళ్ళూ ఒక్కసారిగా పనిచెయ్యడం మొదలుపెట్టాయి. అంతకు ముందు అవి పనిచేసినట్టు ఎవరికీ గుర్తు లేదు.

మొదట బొచ్చప్ప పరీక్షించాడు. డిప్పని వాసన చూశాడు, నాకాడు, చెవి ఆనించి విన్నాడు.

"దొరా, తేలిపోయింది. ఈ పసుపు గీతలు చూడండి, ఈ గదులు చూడండి. ఇది తేనెపట్టు. కాళ్ళొచ్చిన తేనెపట్టు. చాలా అరుదు."

"మరి తేనె ఏది?" అన్నాడు దొర.

"ఎండిపోయింది పాపం. రోజూ కుండెడు తేనె పోస్తే మళ్ళీ ఊరుతుంది."

కుండెడు తేనె వచ్చింది. బొచ్చప్ప ముందు రుచి చూశాడు. సరిగా తెలియలేదని మళ్ళీ చూశాడు. అడుగు దాకా తెలియలేదు. చివరికి కుండ కడిగిన నీళ్ళు చుక్కమ్మ వీపున పోసి, మూతి తుడుచుకుని, "ఇవాళ బాగానే తింది," అన్నాడు.

ఆ తీపికి అడవిలో చీమలన్నీ వచ్చాయి. పక్క అడవి చీమలు కూడా బంధువుల్ని తోడు తెచ్చుకున్నాయి. చుక్కమ్మ తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, "నాయనా, నాకు గడ్డి పెట్టండి, ఇంత ఎండ చూపించండి," అని లోపల్నించి మొత్తుకుంది.

"తేనెపట్టు మాట్లాడుతోంది. ఆరోగ్యంగా ఉందన్నమాట," అన్నాడు బొచ్చప్ప.

లాంగూలానికి కడుపు మండిపోయింది. తెచ్చింది తను, తేనె తాగింది వీడు!

"బొచ్చప్పకి తేనె తప్ప లోకం తెలియదు దొరా," అన్నాడు దర్బారులో. "ఆ డిప్ప మీద ఉన్నవి నక్షత్రాలు. నక్షత్రాలు ఎక్కడుంటాయి? పైన. పైన ఉండేవి ఏం తింటాయి? చిటారుకొమ్మ పళ్ళు. ఇది కొమ్మ మీద ప్రాణి. నేల మీద పెట్టి చంపేస్తున్నాం!"

దొరకి సబబుగా తోచింది. చుక్కమ్మని నేరేడుచెట్టు పంగలో కూర్చోబెట్టారు. బుట్టల కొద్దీ పనసతొనలు, మామిడిపళ్ళు, నేరేళ్ళు వచ్చాయి. లాంగూలం వాటిని ఒక కొమ్మ పైన పెట్టుకుని, గింజలు మాత్రం కిందకి వదిలేవాడు.

"ఒరే తోకాయనా! కళ్ళు తిరుగుతున్నాయిరా! నన్ను దింపరా!" అని అరిచింది చుక్కమ్మ.

"కొత్తలో అంతే పెద్దమ్మా. మా చుట్టాలందరికీ చిన్నప్పుడు అలాగే ఉండేది."

ఇంతలో గాలి వీచింది. చుక్కమ్మ జారింది. కింద ఒక అడవిపంది నిద్రపోతోంది కాబట్టి సరిపోయింది. దాని మెత్తటి పొట్ట మీద పడి, ఎగిరి, మళ్ళీ పడి, బురదలో ఆగింది. ఆ పంది లేచి, ఆకాశం విరిగి పడిందని అరుచుకుంటూ మూడు కొండలు దాటి పారిపోయింది. ఇంకా పరిగెడుతూనే ఉందని చెప్పుకుంటారు.

అందరూ చుక్కమ్మ చుట్టూ మూగారు. బతికే ఉంది గానీ మెడ వేలాడిపోయింది. వచ్చిన దగ్గర్నించీ ఒక్క గడ్డిపోచ కడుపులో పడలేదు మరి. కళ్ళు లోపలికి పోయాయి. మహారాణి కంగారు పడింది.

"ఏకపాదం గారూ, మీరన్నా చెప్పండి, ఇదేం ప్రాణి? నా బంగారు తల్లి వాడిపోతోంది!"

ఏకపాదం గారు ఒక కన్ను తెరిచారు. "తాబేలు," అన్నారు.

దర్బారు నివ్వెరపోయింది. చుక్కమ్మకి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య! అయ్యా, మీ నోట్లో పంచదార పొయ్య! అవును, తాబేలునే!"

ఆయన రెండో కన్ను కూడా తెరిచారు. "తాబేలు కాబట్టి జలచరం. మా చెరువులో తాబేళ్ళు లేవూ? నీళ్ళు లేకే ఇలా అయింది. రేపు పొద్దున్నే నడిచెరువులో లోతైన మడుగు చూసి వదిలేద్దాం. రోజూ గంపెడు బతికున్న చేపలు నా దగ్గరికి పంపించండి. నేను తినిపిస్తాను."

"అయ్యో అయ్యో, మీ చెరువులో ఉన్నవి నీటితాబేళ్ళయ్యా!" చుక్కమ్మ కాలు పైకెత్తింది. "ఇదిగో చూడండి, వాటి కాళ్ళు తెడ్లలా ఉంటాయి, వేళ్ళ మధ్య తోలు ఉంటుంది. నావి చూడండి, ఏనుగు కాళ్ళకి పిల్లలు పుట్టినట్టు లేవూ? వీటితో ఈదేదెలా? లోతు నీళ్ళలో వేస్తే ఇనపగుండులా మునిగి ఛస్తాను!"

"ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే..." అని దర్బారంతా ఒకే గొంతుతో పాడింది. చుక్కమ్మ ఎత్తిన కాలు దించుకుంది.

పొద్దున్నే చెరువు గట్టు మీద జాతర జరిగింది. సన్నాయి బదులు కీచురాళ్ళు, డోలు బదులు ఏనుగు పొట్ట. అడవిలో ఎంతమంది ఉన్నారో అంతమందీ వచ్చారు, లేనివాళ్ళు కూడా వచ్చారు. మహారాణి చుక్కమ్మ డిప్పని నాకి నాకి మెరిపించింది. "మడుగులో చల్లగా ఉండు తల్లీ, రోజూ వచ్చి చూస్తా," అంది. ఏనుగు తొండంతో చుక్కమ్మని ఎత్తింది. కింద నల్లటి నీళ్ళు. ఆ మడుగు ఎంత లోతంటే, అందులో పడిన చేపలకే భయం వేసేది.

చుక్కమ్మ తొండం మీంచి కిందకి చూసింది. కడుపులో తిండి లేదు గానీ, బుర్రలో ఉన్నది అలాగే ఉంది.

"దొరా! మునిగే ముందు ఒక్క మాట. నా గురించి కాదులెండి," అంది.

"నీ గురించి కాకపోతే చెప్పు."

"నన్ను జలచరమని తేల్చింది ఎవరు?"

"ఏకపాదం గారు. కొంగ. గొప్ప నిపుణుడు."

"ఆయన కొంగ అని ఎవరు చెప్పారు?"

గట్టు మీద కీచురాళ్ళు ఆగిపోయాయి.

"ఎవరేంటి?" అన్నారు ఏకపాదం గారు, ఎత్తిన కాలు దించేసి. "నేను కొంగని!"

"ఇష్షిష్," అంది చుక్కమ్మ. "ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే చెల్లదట బాబూ."

ఉగ్రప్ప దొర జూలు గోక్కున్నాడు. తాతగారి చట్టం కదా, కాదనలేడు. "నిజమే. పరువున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి. బొచ్చప్పా, ఈయన కొంగేనా?"

బొచ్చప్ప ఆలోచించాడు. ఔనంటే చేపలొస్తాయి కొంగకి, తేనె ఆగిపోతుంది తనకి. "ఏమో దొరా. నాకు దూరపు చూపు తక్కువ. కొంగో, రెల్లుదుబ్బో."

"లాంగూలం?"

"మేం పైన ఉండేవాళ్ళం దొరా. పైనుంచి చూస్తే ఎవరో ఆరేసిన పంచెలా ఉంటారు."

"ద్రోహుల్లారా!" అని అరిచారు ఏకపాదం గారు. "సరే, అయితే వీడు ఎలుగుబంటి అని నేను మాత్రం చచ్చినా చెప్పను! ఆ తోకవాడు ఎవరో నాకు తెలియనే తెలియదు!"

"చిత్రంగా ఉందే," అన్నాడు దొర. "మండలిలో ముగ్గురూ ఎవరో తెలియని వాళ్ళన్నమాట. మరి వీళ్ళని గుర్తించేది ఎవరు? అందరూ వీళ్ళకి చుట్టాలో, శత్రువులో. ఏ సంబంధమూ లేని కొత్తవాళ్ళు ఎవరున్నారు?"

అందరూ తొండం చివరికి చూశారు.

"వద్దులెండి, నాకెందుకు పెద్దల గొడవ," అంది చుక్కమ్మ, అప్పటికే మెడ చాచి ముగ్గురినీ కొలుస్తూ. "సరే, అంతగా అడుగుతున్నారు కాబట్టి. కాస్త కింద పెడితే దగ్గర్నించి చూస్తాను."

ఏనుగు గట్టు మీద పెట్టింది. చుక్కమ్మ తీరిగ్గా కొంగ చుట్టూ తిరిగింది. ఆ తిరగడం పూర్తయ్యేసరికి గట్టు మీద రెండు గుడ్లు పగిలి పిల్లలయ్యాయి.

"తెల్లగా ఉంది. ఎప్పుడూ ఒంటి కాడే. నీళ్ళలో కదలకుండా నిలబడుతుంది. ఇది తెల్లకలువ దొరా, ఇంకా విచ్చుకోలేదు. మెడ దాకా బురదలో నాటాలి. తిండి పెట్టకూడదు, పెడితే కుళ్ళిపోతుంది."

"ఏనుగూ, నాటు," అన్నాడు దొర.

"నేను కొంగని! నేను కొం..." అంటుండగానే నాటేశారు. చేపలు వచ్చి చుట్టూ తిరిగి చూసి పోయాయి. కొన్ని రెండోసారి కూడా వచ్చాయి.

బొచ్చప్ప మెల్లగా వెనక్కి నడుస్తున్నాడు. "ఆగు నాయనా," అంది చుక్కమ్మ. "దొరా, ఇది కంబళి. ఎవరో మనుషులు పారేసుకుపోయారు. చెమ్మపట్టి ఉబ్బింది. కర్రతో దులిపి, నాలుగు మడతలు పెట్టి ఎండలో పడేస్తే సరి."

"అమ్మా, నేను ఎలుగు..."

"కంబళి మాట్లాడుతోంది. ఆరోగ్యంగా ఉందన్నమాట," అంది చుక్కమ్మ.

ఏనుగు మనసు పెట్టి పనిచేసింది. రెండో మడత దాకా బాగానే వచ్చింది. మూడో మడతకి బొచ్చప్ప తను ఎన్నడూ చూడని తన వీపుని చూసుకున్నాడు.

లాంగూలం అప్పటికే చెట్టెక్కాడు గానీ తోక కింద ఉండిపోయింది. చుక్కమ్మ దాన్ని చూసి, "ఇది చేదతాడు," అంది. "పై కొసన ఏదో బరువు తగులుకుంది. చెరువులో ముంచి తోడుతూ ఉంటే పట్టు వదుల్తుంది."

ముంచారు. తోడారు. మళ్ళీ ముంచారు. ఆ వేసవిలో అడవి మొక్కలకి నీళ్ళ కరువే లేకుండా పోయిందట.

మహారాణి నవ్వి నవ్వి గట్టు మీద దొర్లింది. కదిలిన పన్ను ఊడిపోయినా చూసుకోలేదు.

"మరి నా సంగతి?" అన్నాడు ఉగ్రప్ప దొర, నవ్వుతూ నవ్వుతూ.

అని, ఠక్కున ఆపాడు. జూలు తడుముకున్నాడు. తను ఎవరో కూడా ఎవరూ చెప్పలేదే! చుక్కమ్మ తన వైపు తిరుగుతోంది. మెల్లగా, చాలా మెల్లగా. ఆ చిన్న కళ్ళు తన జూలు మీద ఆగాయి.

"ఇంత మంచి చీపురు..." అని మొదలుపెట్టింది.

"చట్టం రద్దు!" అని గర్జించాడు దొర. ఆ గర్జనకి బురదలోంచి కొంగ దానంతటదే ఊడి బయటపడింది. "ఈ క్షణం నుంచి ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవచ్చు! నేను సింహాన్ని! అందరూ విన్నారుగా? నేనే చెబుతున్నాను, సింహాన్ని! అమ్మా, నీ సంగతి కూడా నువ్వే చెప్పు తల్లీ. నువ్వెవరు? ఏం తింటావు?"

లారీ మీంచి జారిపడ్డాక, నిజంగా జవాబు కోసం చుక్కమ్మని ఎవరైనా అడగడం అదే మొదలు. ఆవిడ మెడని ఉన్నంత పొడుగూ బయటికి చాచింది.

"మెట్టతాబేలుని దొరా," అంది. "ఇంత గడ్డి, నాలుగు ఆకులు. దొరికితే రాలిన మందారం, నాగజెముడు పండు. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ. తాగడానికి మూకుడులో నీళ్ళు, నా గడ్డం దాటకుండా. నన్ను పైకి ఎత్తొద్దు, నీళ్ళలో దించొద్దు, వెల్లకిలా తిప్పొద్దు. అంతే."

"అంతేనా?" అంది మహారాణి. "మరి నీతో నేనేం చెయ్యాలి?"

"మీరు ఎండలో పడుకుంటారుగా తల్లీ?"

"రోజూ."

"నేనూ పడుకుంటాను, పక్కనే."

మహారాణి లేచి, అంత పెద్ద నోటితో ఒక్కొక్క పోచా జాగ్రత్తగా గడ్డి కొరికింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆవిడ గడ్డి నోట పెట్టడం అదే మొదటిసారి. తెచ్చి చుక్కమ్మ ముందు ఉమ్మింది. చుక్కమ్మ తింది. నెమ్మదిగా, కళ్ళు మూసుకుని, ఎంత సేపు తిందంటే చూసేవాళ్ళకి ఆకలి తీరిపోయి ఇళ్ళకి వెళ్ళిపోయారు. అప్పట్నించీ వాళ్ళిద్దరూ పక్కపక్కనే పడుకుని ఎండ కాచుకుంటున్నారు. మహారాణి బంగారు తల్లీ అంటుంది, చుక్కమ్మ ఊఁ అంటుంది.

ఇక మండలి సంగతి. చట్టం రద్దయింది గానీ మండలి రద్దు కాలేదు. రద్దు చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. ఏకపాదం గారు బురద కడుక్కున్నారు, బొచ్చప్ప మడతలు విప్పుకున్నాడు, లాంగూలం తోక పిండుకున్నాడు. ముగ్గురూ కూర్చుని తలలు పట్టుకున్నారు. రాణిగారి ప్రాణికి గడ్డి చాలట. అదీ రాణిగారే పెడుతున్నారు. ఇప్పుడు పెంచడానికి ఏముంది?

వాగులోంచి ఒక గుండ్రటి రాయిని దొర్లించుకొచ్చారు. దొర ముందు పెట్టి, ఇది కొత్త జాతి తాబేలనీ, మహా సిగ్గరి అనీ, తల బయట పెట్టడానికి కాలం పడుతుందనీ ముగ్గురూ ఒకే మాట మీద చెప్పారు. దానికి తేనె కావాలన్నారు, పళ్ళు కావాలన్నారు, చేపలూ కావాలన్నారు. ఈసారి ఒకరినొకరు కాదనుకోలేదు, బుద్ధొచ్చింది మరి.

"నీ సంగతి నువ్వే చెప్పు," అని దొర రాయిని అడిగాడు. అది ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అప్పుడప్పుడూ దొర వచ్చి, "ఎలా ఉంది? తింటోందా?" అని అడుగుతుంటాడు.

"బ్రహ్మాండంగా దొరా!" అంటాడు బొచ్చప్ప, మూతి తుడుచుకుంటూ. "పెట్టింది పెట్టినట్టే ఖాళీ అవుతోంది."

నీతి: ప్రాణిని పెంచడానికి గుప్పెడు గడ్డి చాలు, మండలిని పెంచాలంటేనే రాయి కావాలి.